చెరువుకు హోదా సరే... వాగుకు దిక్కెవరు?

వికారాబాద్ జిల్లాకు పొరుగున సంగారెడ్డి జిల్లాలో రెండు జలాలకు చట్టం గొడుగు పట్టింది. ఒకటి మొసళ్ల మంజీరా, మరొకటి పక్షుల అమీన్‌పూర్. వాటి అనుభవం దౌల్తాబాద్, తాండూరు, కొడంగల్ వైపు చెరువులకు ఏం చెబుతోంది?

అనంతగిరి గుట్టల మీద పడ్డ వాన రెండుగా చీలుతుంది. తూర్పు వాలున పడ్డది మూసీ అయి గండిపేట నింపి, హైదరాబాద్ నడుమ పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలున పడ్డది కాగ్నా అయి తాండూరును ఒరుసుకుంటూ కర్ణాటకలోకి దాటి, భీమను చేరి, ఆ భీమతోపాటు మళ్లీ అదే కృష్ణకు వెళ్తుంది. ఒకే గుట్ట, ఒకే మబ్బు, రెండు ఏర్లు. కాగ్నా వైపు, దౌల్తాబాద్ నుంచి బొంరాస్‌పేట దాకా, ఊరికో కుంట, రెండూళ్లకో చెరువు.

వీటిలో మనుషులకు పనికొచ్చే లెక్కలన్నీ ఏదో ఒక కార్యాలయంలో ఉంటాయి. ఆయకట్టు ఎన్ని ఎకరాలు, తూములు ఎన్ని, మత్తడి పొడవెంత, చేపల సంఘంలో సభ్యులెందరు. అదే చెరువులో తామరాకుల మీద నడిచే పిట్ట ఉందా, కొర్రమట్ట ఎక్కడ పిల్లలు పెడుతుంది, కార్తీకంలో ఏ బాతులు దిగుతాయి అన్నవాటికి మాత్రం ఊరి పెద్దల జ్ఞాపకమే దస్త్రం. రాసిపెట్టని ఆస్తి మీద హక్కు అడగడం కష్టమని భూమి తగాదాల్లో నలిగిన ఏ రైతైనా చెబుతాడు. చెరువులోని ప్రాణుల సంగతీ అంతే.

గట్టు లోపల ఎన్ని లోకాలు

ఒక్క చెరువులో పాతిక రకాల పక్షులు కొట్లాడుకోకుండా ఎలా బతుకుతాయి? జవాబు లోతులో ఉంది. నీళ్లు తడిపి వదిలిన బురద అంచున ఉల్లంకి పిట్టలు ముక్కుతో పొడుస్తూ పురుగులు ఏరుకుంటాయి. చీలమండ లోతులో గుడ్డికొంగ కదలకుండా నిలబడుతుంది. మోకాలి లోతులో ఎర్రకాళ్ల కొంగ నోరు సగం తెరిచి నీళ్లలో ముంచి, చేప తగలగానే మూసేస్తుంది. ఇంకాస్త లోపల బాతులు తల కిందికి, తోక పైకి పెట్టి నాచు తింటాయి. నడి చెరువులో బుడబుంగ, నీటికాకి మునిగి వేటాడతాయి. ఎవరి లోతు వారిది, ఎవరి తిండి వారిది.

ఈ ఏర్పాటుకు ఆధారం చెరువు వాలు. దక్కన్ చెరువులన్నీ ఒకవైపు కట్ట, మూడువైపులా మెల్లగా ఎత్తు పెరిగే నేల. కట్ట దగ్గర లోతు, శిఖం వైపు పల్చటి నీళ్లు. చలికాలం గడిచి ఎండ ముదిరేకొద్దీ నీళ్లు వెనక్కి తగ్గుతాయి, బురద అంచు వారం వారం జరుగుతుంది, పక్షులకు రోజూ కొత్త పళ్లెం వడ్డించినట్టే. చెరువు ఎండడం రైతుకు దిగులు. ఉల్లంకికి మాత్రం అదే పండగ. కొర్రమట్టకూ ఆ ఎండ అలవాటే. గాలి పీల్చుకోగల చేప కనుక తడి బురదలో దాగి కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. కొత్త నీళ్లు రాగానే అంచు తుంగలో గూడు చేసుకుని, ఎర్రటి పిల్లల గుంపుకు తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. 2016లో తెలంగాణ ఈ కొర్రమట్టను, అంటే కొర్రమీనును, రాష్ట్ర చేపగా ప్రకటించింది. రాష్ట్ర హోదా ఉన్న ఆ చేపకు కావలసింది తుంగ ఉన్న పల్చటి అంచు. గుంత తవ్వి, గట్టు నిట్టనిలువుగా చెక్కి, చుట్టూ నడకదారి సిమెంటు చేసిన చెరువులో అది పిల్లలు పెట్టలేదు.

తామరకోడి కథ ఇంకా చిత్రం. పొడుగు కాలివేళ్లతో తేలే ఆకుల మీద నడుస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, పొదిగేదీ పిల్లల్ని తిప్పేదీ మగదే. గుర్రపుడెక్క అల్లుకుని తామర, కలువ పోయిన చెరువులో ఈ కాపురం కుదరడం కష్టం. ఇలాంటి లెక్క ఒక్కొక్కటీ ఒక్కో ప్రాణికి ఉంది. వాటన్నిటికీ చోటు మిగిల్చినప్పుడే చెరువు చెరువు.

మంజీరా: మొసలికి ఇసుక కావాలి

వికారాబాద్ జిల్లా సరిహద్దు దాటి సంగారెడ్డి వైపు వెళ్తే మంజీరా వన్యప్రాణి అభయారణ్యం. 1978లో ప్రకటించారు. విస్తీర్ణం 20 చదరపు కిలోమీటర్లు. సింగూరు జలాశయానికి, మంజీరా బ్యారేజీకి మధ్య నది పొడవునా సాగే నీటి పట్టీ ఇది. హైదరాబాద్‌కు 1965 నుంచి తాగునీరిచ్చింది ఈ నదే. అంటే రాజధాని గొంతు తడిపే నీళ్లూ, మొసళ్లు ఈదే నీళ్లూ ఒక్కటే.

ఇక్కడి మొసలి మగ్గర్, మంచినీటి మొసలి. దేశంలో మొసళ్లు తరిగిపోతున్నాయని 1975లో కేంద్రం మొసళ్ల సంరక్షణ పథకం మొదలుపెట్టింది. ఆ తర్వాత కొద్దికాలానికే వచ్చిన అభయారణ్యాల్లో మంజీరా ఒకటి. మొసలి అనగానే నీళ్లే గుర్తొస్తాయి కానీ దాని వంశం నిలిచేది నేల మీద. వేసవి ముంగిట ఆడది ఒడ్డు ఇసుకలో గుంత తవ్వి పాతిక ముప్ఫై గుడ్లు పెట్టి కప్పేస్తుంది. రెండు నెలలకు పైగా ఎండ వేడిమే వాటిని పొదుగుతుంది. పుట్టేది ఆడో మగో తేల్చేదీ ఆ ఇసుక వేడే, ఒకటి రెండు డిగ్రీల తేడాతో. లోపలి పిల్లల కూత వినగానే తల్లి గుంత తవ్వి, వాటిని నోట్లో పెట్టుకుని నీళ్లలో దించుతుంది.

ఆ ఒడ్డు ఇసుక లారీకెక్కితే? నదిలో చుక్క నీరు తగ్గకపోయినా మొసలికి పురిటిగది పోయినట్టే. మంజీరా చెప్పే మొదటి పాఠం ఇది. నీటి ప్రాణిని కాపాడాలంటే ముందు కాపాడాల్సింది నీటి పక్కన ఉన్న నేల.

నది మధ్యలో పుట్టిగడ్డ, కర్ణంగడ్డ వంటి దీవులున్నాయి. వాటి మీది తుమ్మచెట్లలో కొంగలు, నీటికాకులు గూళ్లు పెడతాయి. నాలుగువైపులా నీళ్లుంటే పిల్లికీ నక్కకూ అందవు. నీటిమట్టం బాగా పడిపోయిన ఏడాది దీవి ఒడ్డుకు కలిసిపోతుంది, గూళ్లకు రక్షణ ఉండదు. చలికాలంలో దిగే పట్టెతల బాతులు మధ్య ఆసియా పీఠభూముల నుంచి హిమాలయాలు దాటి వస్తాయి. ఈ వలసదారికి మధ్య ఆసియా గగనమార్గం అని పేరు. ఆర్కిటిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాల మీదుగా సాగే ఆ దారిలో మన చెరువులు విడిది ఇళ్లు.

అమీన్‌పూర్: హోదా వచ్చింది, ఊరు పెరిగింది

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు పుట్టాయి. మహబూబ్‌నగర్‌లో ఉన్న దౌల్తాబాద్, కొడంగల్, బొంరాస్‌పేట మండలాలు వికారాబాద్ జిల్లాలోకి వచ్చాయి. కొద్ది వారాలకే, నవంబరులో, కొత్త సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువును తెలంగాణ ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. పట్టణ ప్రాంతంలోని నీటి వనరుకు దేశంలో ఆ హోదా రావడం అదే మొదటిసారి.

పటాన్‌చెరు పారిశ్రామిక వాడకూ మియాపూర్ అపార్టుమెంట్లకూ మధ్య ఇరుక్కున్న పాత చెరువు అది. 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటిదని చెబుతారు. తోటలకు నీరివ్వడానికి తవ్వించినది. ఇప్పుడక్కడ పక్షి పరిశీలకులు నమోదు చేసిన జాతులు 150కి పైనే. చలికాలంలో ఫ్లెమింగోలు కూడా దిగిన చోటు. పులికాట్‌కు పోతే కనిపించే పక్షి మహానగరం అంచున నిలబడితే కెమెరాలు పరుగెత్తక ఏం చేస్తాయి?

ఈ హోదా దానంతట అది రాలేదు. అప్పట్లో తెలంగాణ ప్రత్యేక రక్షణ దళం అధిపతిగా ఉన్న ఐపీఎస్ అధికారి తేజ్‌దీప్ కౌర్ మీనన్ ఈ చెరువును దత్తత తీసుకున్నారు. దళం సిబ్బంది, పక్షి ప్రేమికులు కలిసి చెత్త ఎత్తారు, మొక్కలు నాటారు, వేటగాళ్లను ఆపారు. ఆ శ్రమకు జీవవైవిధ్య మండలి ముద్ర తోడైంది.

తర్వాతి కథ అంత ఊరట ఇవ్వదు. చుట్టూ కాలనీలు పెరిగాయి. వానతో నిండాల్సిన చెరువుకు ఇళ్ల మురుగు ఏడాది పొడవునా వచ్చే నీరైంది. కబ్జాలు, కలుషితాల మీద ఫిర్యాదులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లాయి. చెరువుల కబ్జాలు తొలగించేందుకు 2024 జులైలో ఏర్పడిన హైడ్రా సంస్థ అదే ఏడాది సెప్టెంబరులో అమీన్‌పూర్ మండలంలోనూ కట్టడాలు కూల్చింది. కూలిన ఇళ్లలో ప్లాటు కొన్నవాడి కష్టార్జితం ఉంది. ప్లాటు అమ్మినవాడు అప్పటికే మరో ఊళ్లో వెంచర్ వేసి ఉంటాడు. చెరువు లెక్క ముందే తేలి, రాళ్లు పాతి, కాగితం ఊరందరికీ కనిపించి ఉంటే ఆ ఇంటివాడూ మునిగేవాడు కాదు, చెరువూ మునిగేది కాదు.

మంజీరాకు అభయారణ్యం ముద్ర, అమీన్‌పూర్‌కు వారసత్వ ముద్ర. రెండు ముద్రలూ హద్దు లోపలివి. నీరు మాత్రం హద్దు బయట పుడుతుంది. వాగు పూడ్చి, కాలువ మీద రోడ్డు వేసి, ఎగువ కుంటను ప్లాట్లు చేస్తే కింది చెరువు చుట్టూ ఎంత కంచె వేసినా లోపలికి వచ్చేది మురుగే.

నీటి దారిని కాపాడిన ఒకే ఒక్క జీవో

మన దగ్గర నీరు వచ్చే దారిని పట్టించుకున్న గట్టి ఉత్తర్వు ఒకటి ఉండేది. 1996 మార్చిలో వచ్చిన 111 నంబరు జీవో. ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, భారీ నిర్మాణాలను కట్టడి చేసింది. అది మూసీ, ఈసీ నీటి దారుల్లోని నేల. ఆ రెండు ఏర్లూ వికారాబాద్ గుట్టల బిడ్డలే.

ఆ జీవో పరిధిలో ఓ ఆముదపు నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెడతామన్నప్పుడు కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. 1999, 2000 సంవత్సరాల్లో వచ్చిన ఆ తీర్పులను పర్యావరణ న్యాయం చదివే ప్రతి విద్యార్థీ ఇప్పటికీ చదువుతాడు. హాని జరుగుతుందని తేలేదాకా ఆగనక్కరలేదనీ, హాని జరగదని నిరూపించే భారం ఫ్యాక్టరీ పెట్టేవాడిదేననీ కోర్టు చెప్పింది. ఫ్యాక్టరీకి అనుమతి దక్కలేదు. అయితే 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69 నంబరు జీవోతో పాత ఆంక్షలను సడలించింది. జంట జలాశయాల మీద నగరం ఆధారపడటం తగ్గిందన్నది ఒక కారణం. ఆ పది కిలోమీటర్ల గొడుగు మనుషుల తాగునీటి కోసం పట్టింది. ఆ అవసరం తగ్గిందనగానే గొడుగూ ముడుచుకుంది. దాని కింద బతికిన పిట్టలనూ చేపలనూ లెక్కలో వేసే అక్షరం ఆ కాగితంలో లేకపోవడమే దాని బలహీనత.

మూసీ పుట్టుక చోట కూడా మార్పులు వస్తున్నాయి. పూడూరు మండలం దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో నౌకాదళం రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. దేశరక్షణకు అది కావాలన్నవారూ, అడవి పోతే వాగులేమవుతాయని అడిగినవారూ ఉన్నారు. ఎగువ అడవి మీద తీసుకునే నిర్ణయానికి దిగువ చెరువుల లెక్క కూడా జతచేయాలన్నది మాత్రం ఏ పక్షమైనా కాదనలేని సంగతి.

దౌల్తాబాద్ చేతిలో ఇంకా ఉన్నది

దౌల్తాబాద్, కొడంగల్ వైపు చెరువులకు ఒక అదృష్టం మిగిలింది. నగరం ఇంకా ఇక్కడికి చేరలేదు. కంది చేలు, జొన్న చేలు, పత్తి చేల మధ్య వాగులు చాలాచోట్ల తమ పాత దారిలోనే పారుతున్నాయి. ఈ నేల కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాండూరు కందిపప్పు అంటే ఈ నల్లరేగడి, ఈ సున్నపురాతి నేల, ఈ తేమ. ఆ తేమను పట్టి ఉంచడంలో ఈ కుంటలకూ వాటా ఉంది. తాండూరు వైపు నాపరాతి గనులూ, పాలిష్ బండల రొచ్చూ, సిమెంటు దుమ్మూ ఉన్న మాట నిజం. గని పక్క వాగును పూడ్చకుండా, పాలిష్ రొచ్చు వాగులో కలవకుండా చూడటం అక్కడి మొదటి పని.

వచ్చే రోజుల్లో పెద్ద మార్పు మరోవైపు నుంచి రానుంది. నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతల పథకానికి 2024 ఫిబ్రవరిలో కోస్గిలో శంకుస్థాపన జరిగింది. కృష్ణ నీళ్లను ఎత్తి ఈ ప్రాంతపు చెరువులు నింపి, లక్ష ఎకరాలకు నీరివ్వడం లక్ష్యం. తరాలుగా వానమొగులు కోసం తల ఎత్తి చూసిన రైతుకు ఇది పెద్ద మాట. నీళ్లు రావాలి, రావడం న్యాయం. వాటితోపాటు ఒక జాగ్రత్త కూడా రావాలి. ఏడాది పొడవునా నిండుగా ఉండే చెరువులో జరిగే బురద అంచు ఉండదు, ఉల్లంకికి దిగే చోటుండదు. కాలువ వెంట పక్క నది చేపలూ, గుర్రపుడెక్కా కూడా ప్రయాణిస్తాయి. అన్ని చెరువులనూ ఒకేలా నింపకుండా, శిఖం పల్చగా ఉన్న కొన్ని కుంటలను వాన నీటికే వదిలేస్తే ఆయకట్టుకు పెద్దగా నష్టం లేదు, పక్షులకు మాత్రం అది ప్రాణం. ఈ నిర్ణయం డిజైన్ కాగితం మీదనే జరగాలి, పైపులు వేశాక కుదరదు.

మిషన్ కాకతీయ ఇందుకు ఒక పాఠం. 2015లో మొదలై 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టింది. పూడిక మట్టి పొలాలకు చేరి భూసారం పెరిగింది, కట్టలు గట్టిపడ్డాయి. కానీ లోతు ఎక్కడ తవ్వాలి, వాలు ఎక్కడ వదలాలి అన్న ప్రశ్న పక్షుల కోసం ఎవరూ అడగలేదు. అడిగే పుస్తకం ఊరి దగ్గర లేదు కనుక.

ఏ చట్టం ఎంత దూరం

అభయారణ్యం: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వస్తుంది. అన్నింటికంటే గట్టిది. లోపలికి వెళ్లాలన్నా అనుమతి కావాలి. నీటి ప్రవాహాన్ని మళ్లించడం, ఆపడం కూడా అనుమతి లేకుండా కుదరదు. ఊరివాళ్ల వాడకానికీ కట్టడి పడుతుంది, అందుకే చిన్న చెరువుకు ఇది అన్నిచోట్లా అతకదు.

జీవవైవిధ్య వారసత్వ స్థలం: 2002 జీవవైవిధ్య చట్టంలోని 37వ సెక్షన్ ఇచ్చే హోదా. స్థానిక సంస్థలను సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటిస్తుంది. దేశంలో మొదటిది 2007లో బెంగళూరు దగ్గరి నల్లూరు చింతతోపు. చేపలు పట్టేవారూ, బట్టలుతికేవారూ, పశువుల్ని తోలేవారూ తమంతట తాము ఒప్పుకున్న కట్టుబాట్లు తప్ప వారి వాడుకలపై కొత్త ఆంక్షలు పెట్టకూడదన్నది దీని మూల సూత్రం.

నిండు మట్టం హద్దు: భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే నిండు నీటిమట్టం నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు ఖాళీ వదలాలి. సర్వే జరిగి రాళ్లు పాతిన చోటే ఇది పనిచేస్తుంది.

జీవవైవిధ్య యాజమాన్య కమిటీ: జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఉండాలి. ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయడం దాని పని.

రాయాల్సిన పుస్తకం

ఈ చివరి అంశమే ఊరి చేతిలోని అసలు ఆయుధం. హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టడంతో 2020 చుట్టుపక్కల రాష్ట్రాలన్నీ ఈ రిజిస్టర్లను హడావుడిగా పూర్తిచేశాయి. గడువు కోసం రాసిన పుస్తకంలో ఏ ఊరికైనా సరిపోయే చెట్ల జాబితా దొరుకుతుంది. మీ ఊరి కొర్రమట్ట పిల్లలు పెట్టే మూల దొరకదు. దాన్ని తిరగరాసే అధికారం కమిటీకి ఉంది. రాయగలిగినవారూ ఊళ్లోనే ఉన్నారు. ఏ నెలలో ఏ చేప దొరుకుతుందో ముదిరాజ్, గంగపుత్ర సంఘాలకు తెలుసు. నీళ్లు ఏ కాలువ గుండా ముందొస్తాయో నీరటికాడికి తెలుసు. తుంగ ఎక్కడ దట్టమో చాపలల్లేవారికి తెలుసు. చలికాలం పక్షుల లెక్క హైస్కూలు పిల్లలు తీయగలరు. ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచీ. ఒక జత బైనాక్యులర్లు, ఒక సైన్సు టీచరు ఉంటే దౌల్తాబాద్ చెరువు లెక్క కూడా అందులో చేరుతుంది.

రిజిస్టరులో చెరువుతోపాటు దానికి నీరు తెచ్చే ప్రతి వాగునూ, ఎగువ కుంటనూ, మత్తడి దూకిన నీళ్లు వెళ్లే దారినీ సర్వే నంబర్లతో సహా రాయాలి. గ్రామసభలో చదివి తీర్మానం చేయాలి. ఒక ప్రతి తహసీల్దారుకు, ఒకటి నీటిపారుదల శాఖకు, ఒకటి జీవవైవిధ్య మండలికి పంపాలి. రేపు వెంచర్ వేసేవాడు అనుమతి కోసం వచ్చినప్పుడు, ఎత్తిపోతల ఇంజినీరు గీత గీసినప్పుడు, గని లీజు ఫైలు కదిలినప్పుడు ఆ కాగితం అక్కడ ఉండాలి. హాని జరగదని నిరూపించే భారం ఎదుటివాడిదేనని సుప్రీంకోర్టు పాతికేళ్ల కిందటే చెప్పింది. ఆ మాటను వాడుకోవాలంటే ఏం పోతుందో చెప్పే లెక్క మన దగ్గర ఉండాలి.

అమీన్‌పూర్‌కు హోదా వచ్చేటప్పటికే చుట్టూ నగరం కమ్ముకుంది. అక్కడ మిగిలింది మరమ్మతు పని. ఇక్కడ వాగులు పారుతుండగానే పని మొదలుపెట్టే వీలుంది, ఖర్చూ తక్కువ. కావలసింది ఒక రిజిస్టరు, ఒక సర్వే, ఒక గ్రామసభ తీర్మానం. వారసత్వ హోదా ఆ తర్వాత అడగవచ్చు. అడిగేటప్పుడు చెరువుతోపాటు వాగునూ కలిపి అడగాలి.